గోర్గను శిరస్సు, అలంపుర జోగులాంబ

నల్లగొండలో గాని, మహబూబ్‌నగరులో గాని కొత్తగా ఇల్లు కట్టుకొనే గృహస్థు గోడలు కొంచెం లేవగానే ఒక ముఖాన్ని తెచ్చి వీధివైపు వ్రేలాడదీస్తాడు. గుడ్లు వెలికి పొడుచుకొని వచ్చి, కోరలు పెదవులను దాటి, నాలుక గడ్డం మీదికి జారిన ముఖమది. ఎవరిది ఆ ముఖమని అడిగితే దిష్టిబొమ్మ అని చెప్పి ఊరుకొంటారు. దానికి పేరు లేదు, నైవేద్యం లేదు, పురోహితుడు మంత్రం చదివి దానిని ప్రతిష్ఠించడు. అయినా అది లేకుండా స్లాబు వేయడానికి మేస్త్రికి కూడా మనసొప్పదు. చదువుకొన్న యజమాని ఇవన్నీ మూఢాచారాలని నవ్వుతూనే, నవ్వు ముగిసేలోగా దానికి మేకు కొట్టిస్తాడు.

ఈ ముఖానికి తోబుట్టువు వంటిది ఒకటి మధ్యధరా సముద్ర తీరాన రెండువేల అయిదువందల ఏండ్ల క్రిందటనే ఉండినది. ప్రాచీన గ్రీకులు దానిని రొట్టెలు కాల్చే పొయ్యిలమీద, ఇంటి తలుపులమీద, నాణేలమీద, యోధుల డాళ్లమీద చెక్కుకొన్నారు. గుండ్రని ముఖం, తెరచిన కన్నులు, పందికోరలు, చాచిన నాలుక, తలచుట్టూ పాములు. అదే గోర్గను ముఖము. గ్రీకు చిత్రకారులు కూజాలమీద మనుష్యులను, దేవతలను సాధారణంగా ప్రక్కముఖంగానే గీసేవారు. గోర్గను ఒక్కతే చూచేవాని కన్నులలోకి సూటిగా చూస్తుంది. కోర్ఫూ ద్వీపంలో క్రీ. పూ. 580 ప్రాంతంలో ఆర్టెమిస్ దేవతకు కట్టిన ఆలయపు ముఖభాగాన ఇట్టి గోర్గనునే నిలువెత్తున నిలిపినారు. మోకాళ్లు వంచి పరుగెత్తుతున్నట్టు, నడుముకు రెండు పాములను పెనవేసి పటకాగా కట్టుకొన్నట్టు ఉన్న ఆ శిల్పం ఎత్తు తొమ్మిదడుగుల పైచిలుకు. 1911లో త్రవ్వకాలలో అది బయటపడినది. పూజకు వచ్చినవాడు ముందు ఆమె చూపును దాటుకొని గాని లోపలి దేవతను చేరలేడు.

ఎవరీ గోర్గను? హెసియోడ్ అనే కవి దేవతల వంశాలను చెప్పుతూ గోర్గనులు ముగ్గురు అక్కచెల్లెండ్రని, సముద్ర వృద్ధుడైన ఫోర్కిస్‌కును, కీటో అనే సముద్ర దేవతకును పుట్టినారని చెప్పినాడు. వారి పేర్లు స్థీనో, యూరియేల్, మెడూసా. ఈ పేర్ల అర్థాలు విద్యార్థులు గుర్తుంచుకొనదగినవి. స్థీనో అంటే బలశాలిని. యూరియేల్ అంటే దూరదూరాల తిరిగేది. మెడూసా అంటే పాలించేది, కాపాడేది. మొదటి ఇద్దరికి చావు లేదు. మూడవ ఆమెకు ఉన్నది. బలమనే మాటనే పేరుగా పెట్టుకొన్న అక్కకు చెప్పుకొనదగిన కథ ఒక్కటీ దక్కలేదు. లోకమంతా ఎరిగిన కథ చావున్న చెల్లెలికి దక్కినది.

గ్రీకు పురాణాలలో భూతాలకు కొరత లేదు. వాటి బలం ఎక్కడున్నదో చెప్పడం కూడా కష్టం కాదు. నెమియా సింహానికి బాణం దిగని చర్మం బలం. లెర్నా మడుగులోని హైడ్రాకు ఒక తల నరికితే రెండు మొలవడం బలం. మన రక్తబీజుని వంటి వరం అది. టైఫన్‌కు నూరు సర్పశిరస్సులు. మెడూసాకు అట్టి కండబలం చెప్పలేదు. ఆమె ఎవరిమీదికి దండెత్తినట్టు లేదు, ఏ ఊరినీ దోచలేదు, కన్యలను కప్పంగా కోరలేదు. లోకం చివర, రాత్రికి పొరుగున ఎక్కడో నివసించినది. ఆమె ముఖం చూచినవాడు రాయి అయిపోతాడు, అంతే. చూడనివానికి ఆమెవలన ఏ ఆపదా లేదు. ఆమె బలమంతా ఎదుటివాని కంటిలోనే ఉన్నదని చెప్పవచ్చు.

అందుచేతనే ఆమెను చంపడానికి పెర్సియస్‌కు బాహుబలంతో పని లేకపోయినది. సెరిఫస్ ద్వీపరాజు పాలిడెక్టీస్ ఆ యువకుని తల్లి డేనీని బలవంతాన పెండ్లాడగోరి, కొడుకును అడ్డు తొలగించుకొనడానికి గోర్గను తల తెమ్మని పంపినాడు. తిరిగి రాడని అతని నమ్మకం. దేవతలు మాత్రం యువకుని పక్షం వహించినారు. హెర్మీస్ కొడవలి ఇచ్చినాడు. వనదేవతలు రెక్కల పాదరక్షలను, కనబడకుండా చేసే టోపీని, తలను దాచడానికి ఒక సంచిని ఇచ్చినారు. ఎథీనా దేవి మెరుగుపెట్టిన కంచు డాలును చూపినది. ఆ డాలులో ప్రతిబింబం చూచుకొంటూ, నిద్రలో ఉన్న మెడూసా మెడను అతడు కోసినాడు. వీరకృత్యమని గ్రీకులు కొనియాడినారు. నిద్రించే ఆడదానిని వెనుకకు తిరిగి నరకడం ఎంతటి వీరమో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

అసలు విశేషం ఆ తరువాతనే ఉన్నది. తల తెగినా దాని చూపు చావలేదు. బ్రతికిన మెడూసా ఎక్కడో మారుమూల పడి ఉండినది; చచ్చిన మెడూసా లోకమంతా తిరిగినది. ఓవిడ్ చెప్పిన కథ ప్రకారం ఆ తలను చూచి అట్లాసు పర్వతమైపోయినాడు. తల్లిని చెరపట్టబోయిన పాలిడెక్టీసు తన సభాసదులతో కూడ శిలలైపోయినాడు. చివరకు పెర్సియస్ ఆ తలను ఎథీనాకు సమర్పించగా, ఆమె దానిని తన కవచంమీద ధరించినది. జ్ఞానదేవత వక్షఃస్థలాన రాక్షసి ముఖం! శత్రువుగా చంపినదానినే కావలికి పెట్టుకొన్నారు. కాపాడేది అని తల్లిదండ్రులు పెట్టిన పేరు చచ్చిన తరువాతనే సార్థకమైనది.

మెడూసా మరణంలోనుంచి పుట్టినవి ఇంకా ఉన్నవి. తెగిన కంఠంనుంచి పెగసస్ అనే రెక్కల గుర్రం, క్రిసేయర్ అనే వీరుడు వెలువడినారు. ఆమె రక్తాన్ని ఎథీనా వైద్యుడైన ఎస్క్లీపియస్‌కు ఇచ్చినదట. ఎడమ వైపు నరాల రక్తం ప్రాణం తీసేది, కుడి వైపుది ప్రాణం పోసేది. ఇంతకంటె కరుణామయమైన కథ ఒకటి పిండారు కవి క్రీ. పూ. 490లో వేణువాదనంలో గెలిచిన ఒక కళాకారుని స్తుతిస్తూ చెప్పినాడు. చెల్లెలు చచ్చిపోయిందని అక్కలు ఏడ్చినారు. ఆ ఏడ్పు విని ఎథీనా దానిని అనుకరించడానికి పిల్లనగ్రోవిని కల్పించినదట. రాక్షసులకు శోకముంటుందనీ, ఆ శోకానికి శ్రుతి ఉంటుందనీ గుర్తించిన కవి ఆయన.

ఆ తల ఇప్పటికీ ఆకాశంలో ఉన్నది. మార్గశిర పుష్య మాసాల రాత్రివేళ ఉత్తరపు దిక్కున, కృత్తికలకును, డబ్ల్యూ అక్షరంలాగా కనిపించే కాసియోపియా నక్షత్రాలకును నడుమ పెర్సియస్ రాశి ఉంటుంది. అతని చేతిలోని మెడూసా తలకు గుర్తు ఆల్గోల్ అనే తార. భూతం తల అనే అర్థమిచ్చే అరబ్బీ పేరునుంచి వచ్చిన మాట అది. రెండు రోజుల ఇరువది గంటల నలుబదితొమ్మిది నిమిషాలకొకసారి ఆ తార వెలుగు దాదాపు మూడవవంతుకు తగ్గి, కొన్ని గంటలలో మరల పూర్వపు కాంతికి వస్తుంది. కన్ను మూసి తెరిచినట్టుంటుంది. ఇంగ్లండులో జాన్ గుడ్రిక్ అనే చెవిటి యువకుడు పదునెనిమిదేండ్ల వయస్సులో, 1783లో, దీనికి కారణం ఊహించి చెప్పినాడు. ఒక పెద్ద గోళమేదో ఆ తారకు అడ్డు తిరుగుతూ గ్రహణం పట్టిస్తూ ఉండవచ్చునని అతని ఊహ. అది నిజమేనని 1889లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫోగెల్ నిరూపించినాడు. ఊళ్లో బడిపిల్లలకు దూరదర్శిని లేకపోయినా, ప్రక్క తారలతో పోల్చుకొంటూ వరుసగా కొన్ని రాత్రులు చూస్తే ఈ కన్నుగీటును పట్టుకొనవచ్చు.

గ్రహణమంటే తెలుగువారికి మొదట తోచేది రాహువు. అదీ తెగిన తలయే. ఆ తలను చూచి హడలిపోయేవారికి, ఆ తలనే హడలగొట్టిన తల మరొకటి ఉన్నదని అంతగా తెలియదు. శివపురాణంలో యుద్ధఖండం ఆ కథ చెప్పుతున్నది. జలంధరుడు రాహువును దూతగా కైలాసానికి పంపి, పార్వతిని తనకు అప్పగించమని శివుని అడిగించినాడు. ఆ మాట వినగానే శివుని కనుబొమల నడుమనుంచి సింహముఖంతో, మండే కన్నులతో, ఎండిన శరీరంతో ఒక భీకరమూర్తి పుట్టి రాహువుమీదికి దూకినది. దూత అవధ్యుడు గనుక శివుడు వారించినాడు. ఆకలి, ఏమి తినమందువని ఆ మూర్తి అడిగినది. నీ మాంసమే తినమన్నాడు శివుడు. అది కాళ్లు, చేతులు, కడుపు, వక్షము తిని, తినడానికి ఇంకేమీ లేక ముఖంగా మాత్రమే మిగిలినది. శివుడు ప్రసన్నుడై కీర్తిముఖమని పేరు పెట్టి, ఇకముందు నా ద్వారాన ఉండుము, ముందు నిన్ను అర్చించనివానికి నా అనుగ్రహం లేదని వరమిచ్చినాడు. చాళుక్య, కాకతీయ శిల్పులు తోరణాల శిఖరాన చెక్కిన గుడ్లముఖం ఇదే. ఇంటి పూజామందిరంలోని ఇత్తడి మకరతోరణం నడినెత్తినా ఇదే ఉంటుంది. ఎందరో దానిని సింహమనుకొంటారు.

మెడూసాను ఇతరులు తెగనరికి తలను మిగిల్చినారు. కీర్తిముఖం తనను తానే తిని తలను మిగుల్చుకొన్నది. రెంటికీ చివరకు దొరికిన ఉద్యోగం కావలియే. పల్లెలలో ఈ ఉద్యోగానికి తలమాత్రమే కాదు, సంపూర్ణమైన దేవతయే ఉన్నది. నల్లగొండ, మహబూబ్‌నగరు మెట్టభూములలో చెరువు నిండితేనే బ్రతుకు, కట్ట తెగితే ఊరు లేదు. ఆ కట్టమీద కట్టమైసమ్మ కూర్చుంటుంది. ఆమెను సౌమ్యమూర్తిగా ఊహించుకొన్న ఊరు లేదు. నీటికి అడ్డంగా నిలువవలసినది సౌమ్యంగా ఉంటే ఏమి లాభమని పల్లెవారి ఆలోచన కాబోలు.

ఈ ఆలోచన పరిపూర్ణమైన విగ్రహరూపం ధరించినది అలంపురంలో. ఒకప్పుడు మహబూబ్‌నగరు జిల్లాలోనిదై, 2016 అక్టోబరు 11 నుంచి ఆమె పేరనే వెలసిన జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్న ఈ క్షేత్రం తుంగభద్ర ఎడమ ఒడ్డున, కృష్ణా సంగమానికి చేరువలో ఉన్నది. ఏడెనిమిది శతాబ్దులలో బాదామి చాళుక్యులు ఇక్కడ కట్టించిన తొమ్మిది శివాలయాలకు బ్రహ్మ అన్న మాటతో పేర్లు ఉండడం ఒక వింత. వాటికి తోడు అష్టాదశ శక్తిపీఠాలలో అయిదవదైన జోగులాంబ పీఠము. సతీదేవి పైదంతాలు ఇక్కడ పడినవని స్థలపురాణం. యోగుల అమ్మ అన్న మాటయే జోగులాంబగా మారినదని పెద్దలంటారు.

అమ్మవారు శవాసనంమీద కూర్చున్నది. నాలుక చాచి ఉన్నది. ఆమె జుట్టు ముడివేసినది కాదు, పూలు తురిమినది కాదు. నిలువున రేగి ఉన్నది. ఆ జుట్టులో ఒక బల్లి, ఒక తేలు, ఒక గబ్బిలం, ఒక మనుష్య కపాలం ఉన్నవి. మెడూసా తలలోని పాములు ఎవరికైనా ఇక్కడ గుర్తుకు వస్తవి. కాని పోలిక పైపైన ఉన్నంత దగ్గరగా లోపల లేదు. పాములు చంపేవి, అంతవరకే వాటి అర్థం. అలంపురపు జుట్టులో ఉన్నవి ఇంటికి సంబంధించినవి. స్థానికులు చెప్పే అర్థం ఇది: కళ తప్పుతున్న ఇంట్లో ముందు బల్లులు పెరుగుతవి. ఊడ్చి అలికే దిక్కులేక మూలలలో తేళ్లు చేరుతవి. మనుష్య సంచారం తగ్గగా దూలాలకు గబ్బిలాలు వ్రేలాడుతవి. చివరిది కపాలం, అంటే చావు. ఒక ఇల్లు పాడుపడే క్రమమంతా ఆ తల్లి తలమీద మోస్తున్నది. అందుకే ఆమెను గృహచండి అని పిలుస్తారు. కరువుకు తాళలేక ఏటేటా వలసపోయినవారి ఇండ్లకు తాళాలు పడిన పాలమూరులో ఈ వివరణకు వ్యాఖ్యానం అక్కరలేదు. బల్లి, తేలు, గబ్బిలం అక్కడివారికి ప్రతీకలు కావు. కొన్ని నెలల తరువాత తలుపు తీసినప్పుడు కండ్లబడేవి.

గ్రీకులకు భయంకరమైనది వెలుపలిది, వైరిపక్షానిది. దానిని గెలిచి తల తెచ్చుకొంటే గాని అది ఉపయోగపడదు. చూపు కలిపితే చావు. అలంపురంలో భయంకరమైనదే అమ్మ. ఆమె తలను ఎవరూ నరకనక్కరలేదు, ఆమెను డాలులో ప్రతిబింబంగా చూడనక్కరలేదు. బిడ్డలు ఎంత దూరాన్నుంచైనా వచ్చేది ఆమెను సూటిగా చూడడానికే. దర్శనమన్న మాటకు అర్థమే అది. కోరలు, కపాలం, రేగిన జుట్టు తమకోసం ఎదుటివారివైపు తిప్పినవని వారికి ఎరుక.

మరి ఆ బలం పనిచేసినదా? ఈ ప్రశ్నను దాటిపోవడం న్యాయం కాదు. క్రీ. శ. 1390లో బహమనీ సేనల దాడిలో జోగులాంబ ఆలయం నేలమట్టమైనదని క్షేత్రచరిత్ర చెప్పుతున్నది. చూచినవారిని రాయిగా మార్చడం మాట అట్లుంచి, రాతిగోడలే నిలువలేదు. అప్పుడు జరిగినది ఏమంటే, ఊరివారు అమ్మవారి విగ్రహాన్ని, ఆమె పరివార శక్తులైన చండీ ముండీలను తీసికొనిపోయి బాలబ్రహ్మేశ్వరుని ఆలయంలో ఉంచినారు. వారెవరో, ఎందరో పేర్లు నిలువలేదు. ఊరిని కాపాడే ఉగ్రమూర్తి ఆ గుడిలో ఆరువందల ఏండ్లకు పైగా పరుల ఇంట తలదాచుకొన్నది. తన గర్భగుడి లేకపోయినా ఆమెకు దీపం ఆగలేదు, అష్టాదశ పీఠాల వరుసలో ఆమె పేరు తప్పలేదు. అలంపురవాసియైన పండితుడు గడియారం రామకృష్ణశర్మ ఈ క్షేత్రపు శాసనాలను, చరిత్రను వెలుగులోనికి తేవడానికి జీవితమంతా పాటుపడినారు. ఆయన ఆత్మకథ శతపత్రము ఆయన మరణానంతరం 2007లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతిని పొందినది.

మెడూసాకు ఆ అదృష్టం పట్టలేదు. కొలిచేవారు లేకపోతే కావలి ముఖానికి ఏ గతి పడుతుందో చూడగోరేవారు ఇస్తాంబూలుకు పోవలెను. ఆరవ శతాబ్దిలో జస్టీనియన్ చక్రవర్తి అక్కడ నేలక్రింద పెద్ద నీటి కోనేటిని కట్టించినాడు. అందులో రెండు స్తంభాల క్రింద ఎక్కడో పాత కట్టడంనుంచి పెళ్లగించి తెచ్చిన రెండు మెడూసా తలలు పీటలుగా ఉన్నవి. ఒకటి ప్రక్కకు ఒరిగి ఉన్నది, ఒకటి తలక్రిందులుగా ఉన్నది. ఆమె చూపుకు భయపడి అట్లా తిప్పినారని కొందరంటారు. స్తంభానికి ఎత్తు సరిపోవడానికి ఏ వైపున పెట్టితే కుదిరితే ఆ వైపున పెట్టినారనడం సమంజసం. ఎత్తిన ముఖమంతా నీటిలో మునిగి, పాచిపట్టి ఎన్నో శతాబ్దులు గడచినవి.

అలంపురానికి కూడా నీటి గండం వచ్చినది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణా తుంగభద్రల ఒడ్డున ఉన్న ఎన్నో ఆలయాలు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరుని ఆలయాన్ని రాయి రాయికి గుర్తులు వేసి విప్పి అలంపురానికి తెచ్చి మరల పేర్చినారు. పాపనాశి ఆలయాలనూ అట్లాగే తరలించినారు. నవబ్రహ్మాలయాలకు నీరు తగులకుండా ఊరికి అడ్డంగా పెద్ద కట్ట వేసినారు. ఇప్పుడు గుడి మెట్లమీదినుంచి చూస్తే ఏటికి బదులు ముందు ఆ కట్ట కనిపిస్తుంది. కొందరికి అది కంటికి నలుసు. కట్ట లేకుంటే చూడడానికి అక్కడ గుడులు ఉండేవి కావన్నదీ నిజమే.

పాత స్థలంలో కొత్త ఆలయం లేచి, 2005 ఫిబ్రవరి 13న, మాఘ శుద్ధ పంచమినాడు అమ్మవారు బాలబ్రహ్మేశ్వరుని గుడి విడిచి తన గర్భగుడికి తిరిగి వచ్చినది. అమ్మవారిది ఉగ్రరూపం గనుక ఆలయం చుట్టూ నీటి గుండం ఏర్పాటు చేసినారు. ఆ తేమ ఆమె వేడిని చల్లబరుస్తుందని భక్తుల నమ్మకం. సంవత్సరం పొడుగునా పట్టుచీరలు, పూలదండలు, వెండి కవచాలు ఆమె రూపాన్ని చాలవరకు కప్పి ఉంచుతవి. ఒక్క వసంత పంచమినాడు మాత్రం అలంకారాలు తొలగించి నిజరూప దర్శనం ఇప్పిస్తారు. అదే రోజున బాసరలో తల్లిదండ్రులు బిడ్డలను ఒడిలో కూర్చోబెట్టుకొని పలకమీద మొదటి అక్షరం దిద్దిస్తుంటారు. అలంపురంలో బారులు తీరిన జనం గంటల తరబడి నిలిచి, గడపదగ్గరికి రాగానే బిడ్డలను భుజాలమీదికి ఎత్తుకొంటారు. బల్లి ఎక్కడ, తేలు ఎక్కడ అని పిల్లలు వేలు చూపి అడుగుతారు. తల్లులు ఆ చేతులను పట్టి మడిచి దండం పెట్టిస్తారు. కండ్లు మాత్రం మూసుకొమ్మనరు.